జబ్బార్ అంటే బలవంతం చేసేవాడేనా?

కడప నుంచి ప్రశ్న:

మా వీధిలో జబ్బార్ మామ అని ఒకాయన ఉన్నారు, గట్టిగా మాట్లాడి ఎరుగరు. నిన్న ఉర్దూ నిఘంటువు చూస్తే ఆ మాటకు 'నిరంకుశుడు, బలవంతం చేసేవాడు' అని ఉంది. అల్లా పేర్లలో ఇదీ ఒకటంటారు కదా, దేవుడికి అలాంటి పేరేంది? మనం జబర్దస్తీ అనేది ఇందులోంచే వచ్చిందా?

అనంతపురం నుంచి జవాబు:

జబర్దస్తీ సంగతి ముందు తేల్చేద్దాం అన్నా, అది చిన్నది. దానికీ దీనికీ చుట్టరికం లేదు. జబర్దస్త్ పారసీ మాట. జబర్ అంటే పైన, దస్త్ అంటే చెయ్యి. మనం 'పైచేయి' అంటాం చూడండి, అచ్చంగా అదే. ఉర్దూ నేర్చుకునే పిల్లలు అక్షరం నెత్తిన పెట్టే గీతను జబర్ అంటారు, ఆ జబరే ఇది. ఉర్దూలో దీన్ని 'జే'తో రాస్తారు, జబ్బార్‌ను 'జీమ్'తో రాస్తారు. తెలుగులోకి వచ్చేసరికి రెండూ ఒకే 'జ' అయిపోయి మనల్ని తికమక పెడుతున్నాయి.

జబ్బార్ మాత్రం అరబీ. ఖురాన్ 59వ సూరా (అధ్యాయం) 23వ ఆయతులో (వాక్యంలో) 'అల్ అజీజ్, అల్ జబ్బార్, అల్ ముతకబ్బిర్' అని వరసగా వస్తుంది. ఎవరూ ఎదురు చెప్పలేనివాడు అనే అర్థం అక్కడ ఉంది, కాదనను. అయితే ఇదే మాట మనిషికి వాడితే తిట్టు. 19వ సూరాలో ఉయ్యాలలోని ఈసా (యేసు), దేవుడు తనను జబ్బార్‌గా చేయలేదని చెప్తాడు. పక్కనున్న ముతకబ్బిర్ కూడా అంతే. మనిషి ముతకబ్బిర్ అయితే పొగరుబోతు, దేవుడికైతే అది ఆయన గొప్పతనం. మీ నిఘంటువు మనిషికి చెప్పే అర్థం ఇచ్చి ఊరుకుంది.

అసలు రుచి ధాతువులో ఉంది. జ-బ-ర అంటే విరిగిన ఎముకను అతకడం. చెయ్యి విరిగితే కట్టే దబ్బలను అరబీలో జబీరా అంటారు. ఆ కట్టు ఉన్నవాళ్ళు వజూ (నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడం) చేసేటప్పుడు దాన్ని విప్పక్కర్లేదు, తడి చేత్తో పైన తుడిస్తే చాలు అని ఫిఖ్హ్‌లో, అంటే ఇస్లాం ధర్మశాస్త్రంలో, ఒక మసలా (నియమం) కూడా ఉంది. నమాజులో రెండు సజ్దాల (నేలకు నుదురు ఆనించడం) మధ్య కూర్చున్నప్పుడు కొందరు చదివే దువాలో (వేడుకోలులో) 'వజ్బుర్నీ' అని వస్తుంది. నాలో విరిగింది అతుకు, లోటు పూడ్చు అని. 'నన్ను బలవంతం చెయ్యి' అని ఎవరూ వేడుకోరు కదా! మనసు నొచ్చుకున్నవాళ్ళను ఊరడించడాన్ని అరబ్బులు ఈనాటికీ 'జబ్ర్ అల్ ఖాతిర్' అనే అంటారు.

కర్నూలు నుంచి:

బాగుంది సార్. కానీ బలవంతమూ, అతకడమూ ఒకే మాటలో ఎట్లా ఇముడుతాయి? రెండు వేరే మాటలు కలిసిపోయాయేమో?

అనంతపురం:

మీరు పుత్తూరు కట్టు కట్టించుకున్నవాళ్ళను ఎవరినైనా అడగండి సార్. పక్కకు జరిగిన ఎముకను అట్లే వదిలేసి పసరు పూస్తే వంకరగానే అతుక్కుంటుంది. ఇద్దరు అదిమి పట్టుకుంటే ఒకరు లాగి చోటికి తెస్తారు, ఆ మీదట పసరు, గుడ్డ, వెదురు దబ్బలు. లాగేటప్పుడు కేక వీధి చివరికి వినిపిస్తుంది. పాతకాలపు పండితుడు రాగిబ్ ఇస్ఫహానీ తన ఖురాన్ పదకోశంలో జబ్ర్‌కు ఇచ్చిన అర్థం సరిగ్గా ఇదే: కొంత బలం చూపి ఒకదాన్ని బాగుచేయడం. మన 'కట్టు' మాత్రం తక్కువదా? గాయానికి కట్టేదీ కట్టే, కట్టుబాటులో ఉన్నదీ కట్టే, కట్టడి చేయడమూ అందులోంచే.

లెక్కల్లో ఆల్జీబ్రా కూడా ఈ ఇంటిదే. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ వాడిన 'అల్ జబ్ర్' అది. ఒక సంఖ్యలోంచి 3 తీసేస్తే 7 మిగిలింది అనుకోండి. తీసేసిన 3ను రెండు వైపులా కలిపితే విరిగిన వైపు మళ్ళీ నిండుగా 10 అవుతుంది. ఆ పూరించడమే జబ్ర్.

కడప:

మరి తెలుగులో ఏమని రాయాలన్నా?

అనంతపురం:

ఖురాన్‌ను మొదట తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు గారు మా ఊరి కాలేజీలోనే తెలుగు చెప్పారు, కాబట్టి ఈ తిప్పలు ఇక్కడ కొత్తవి కావు. నన్నడిగితే 'నిరంకుశుడు' మాత్రం వద్దు. ఆ మాటకు మన చెవిలో చెడ్డ వాసన ఉంది. 'సర్వాధికారి' అంటే సగమే వస్తుంది. చేతికందనంత ఎత్తు పెరిగిన ఖర్జూరపు చెట్టును కూడా అరబ్బులు జబ్బారా అంటారు, ఆ ఎత్తు ఏ తెలుగు మాటలోనూ రాదు. నేనైతే జబ్బార్ అనే ఉంచి, పక్కన 'విరిగినదాన్ని చక్కదిద్దే మహాబలుడు' అని రాస్తాను.

ఇంకొకటి. మీ మామ పూర్తి పేరు అబ్దుల్ జబ్బార్ అయి ఉంటుంది, అంటే జబ్బార్ దాసుడు. మన సీమలో ఆ అబ్దుల్‌ను మింగేసి జబ్బార్, రజాక్, గఫార్ అని పిలవడం మామూలే. పెద్ద ఇమాములు వింటే మాత్రం ఒప్పుకోరు, దాసుణ్ణి వదిలేసి యజమాని పేరు పెట్టి పిలిచినట్టవుతుందని.