యేసు మంచివాడే, కానీ... అక్కడే ఆగిపోయినవాళ్లు ఉన్నారా?

వేళచ్చేరి_వంశీ:
మా ఆవిడది నెల్లూరు బాప్టిస్టు కుటుంబం. ఆదివారం నేనూ తనతో చర్చికి వెళ్తుంటాను, కొండమీది ప్రసంగం చదువుతుంటే మనసు కదులుతుంది కూడా. కానీ బాప్తిస్మం మాట ఎత్తితే కాలు ముందుకు పడదు. ఆయన ద్వారా తప్ప తండ్రి దగ్గరికి ఇంకో దారి లేదంటే మింగుడు పడట్లేదు. రోజూ సంధ్యావందనం చేసుకుని ఎవరికీ కీడు తలపెట్టకుండా పోయిన మా తాతయ్య ఇప్పుడు ఎక్కడున్నట్టు? పాస్టరుగారిని అడిగితే దేవుడు న్యాయవంతుడు బాబూ అని తేల్చేశారు. మీకు ఎక్కడ ఆగిపోయింది? వాదనలొద్దు, అనుభవాలు చెప్పండి.

మైలాపూర్_సుబ్బలక్ష్మి:
నాకు నరకం సంగతి కాదు. నేను చేసిన తప్పుకి ఇంకొకరు రక్తం కార్చడమేంటి? ఎవరి కర్మ వాళ్లు అనుభవించాలి, చిన్నప్పటి నుంచి విన్నది ఇదే. అదొక ఎత్తు. మా ఆఫీసులో ఒకావిడ, సంక్రాంతికి పొంగలి డబ్బా తెరిస్తే చెయ్యి వెనక్కి తీసుకుంది. క్రిస్మస్‌కి ఆవిడ తెచ్చిన ప్లమ్ కేకు మాత్రం మేమంతా నవ్వుతూ తినాలి.

అన్నానగర్_దైవజ్ఞుడు:
అమ్మా, నేను బీడీ చదివినవాణ్ణి, పొగతాగే బీడీ కాదు, బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ. పౌలు పత్రికలు గ్రీకులోనే చదివాను. విగ్రహాలకు పెట్టినవాటి గురించి కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయంలో ఉంది, తింటే పెరిగేది లేదు, తినకపోతే తరిగేది లేదు, కానీ విశ్వాసంలో బలహీనుడైన సోదరుడికి అది అడ్డు కాకూడదు. ఆవిడ చేసింది అహంకారం కాదు, మనస్సాక్షి. సిలువ అన్యజనులకు వెర్రితనంగా కనిపిస్తుందని అదే పత్రిక మొదటి అధ్యాయంలో రాశాడు కాబట్టి వంశీగారి సమస్య కొత్తదేమీ కాదు.

మైలాపూర్_సుబ్బలక్ష్మి:
మరి ఆ బలహీన సోదరుడు నేనెందుకు కాకూడదండీ? నొచ్చుకుంది నేను కదా.

పెరంబూర్_రైల్వే:
ఎందుకింత వేదాంతం. మా ప్రకాశం జిల్లాలో అందరికీ తెలిసిన కథే, ధాత కరువులో గంజి పోసి మతంలో కలిపారు. కడుపు నిండినవాడికి ఆ సువార్త ఎక్కదు, అంతే.

ఒంగోలు_మనవరాలు:
ఈ గంజి మాట ఎవరంటారా అని చూస్తున్నా. 1876-78 ధాత కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు గంజి పోసి ఊరుకోలేదు, బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించారు, ఎందుకంటే వేరే మేస్త్రీల కింద మా మాదిగవాళ్లకి పనిచోటే తిట్లూ దెబ్బలూ. కరువు పని నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. పని ఆగాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది. కూలి ఆగిపోయాక ఎందుకొచ్చారో మీరే చెప్పండి.

పెరంబూర్_రైల్వే:
రుణం తీర్చుకోవడానికి. అన్నం పెట్టిన చేతిని ఎవరు కాదంటారు తల్లీ?

ఒంగోలు_మనవరాలు:
తల్లీ గిల్లీ వద్దు. కరువుకి పదేళ్ల ముందే, 1866లోనే, యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకుంటూ బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయనకి ఎవరు గంజి పోశారు? ఒంగోలు పైకులాలవాళ్లు అప్పటిదాకా దొర మాటలు శ్రద్ధగానే విన్నారు, మాదిగలను చేర్చుకుంటే మేం రామని కబురు పెట్టారు. వాళ్లకి అడ్డొచ్చింది సిలువా? పక్కన కూర్చునే మనిషా?

తాంబరం_కుర్రోడు:
ఆ కాలువేనా ఇప్పుడు మన చెన్నై లోకల్ రైలు ఎంఆర్‌టీఎస్ స్తంభాలు దిగింది? ఆ వాసనకి నేను రోజూ ముక్కు మూసుకునే రైలెక్కుతున్నా.

అన్నానగర్_దైవజ్ఞుడు:
అవును, అదే కాలువ. అసలు విషయానికొస్తే...

పెరంబూర్_రైల్వే:
దైవజ్ఞా ఆగు. మనవరాలుగారూ, కులం పోయిందని చెప్పే చర్చివాళ్ల పెళ్లి ప్రకటనలు ఎప్పుడైనా చూశారా? 'రక్షణ పొందిన వధువు కావలెను', దాని కిందే కులం పేరు. నేను ఆగిపోయింది అక్కడ. ఈ మాట మాత్రం ఎవరూ కాదనలేరు.

ఒంగోలు_మనవరాలు:
కాదనను. మా ఇంట్లోనే జరిగింది, దాని మీద నాకూ కోపమే. కానీ ఎస్సీలెవరో చెప్పే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది, సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఇచ్చారు, మాకు లేదు. ఆంధ్రాలో మమ్మల్ని వేసింది బీసీ-సిలో, రిజర్వేషన్ ఒక్క శాతం. కాగితం మీద హిందువుగా ఉంటూ ఆదివారం వెనక బెంచీలో కూర్చునేవాళ్లని నమ్మలేదంటారా? వాళ్లకి నమ్మకం కష్టం కాలేదు, బయటికి చెప్పుకోవడమే కష్టం.

నిర్వాహకుడు:
ఇద్దరి పోస్టులు రెండేసి తీసేశాను. కులం పేరుతో తిట్టుకుంటే తాళం వేస్తా.

చిట్లపాక్కం_అక్క:
నేను పూర్తిగా నమ్మి వెనక్కొచ్చినదాన్ని. అమ్మకి కిడ్నీ జబ్బు. జబ్బులు నయమవుతాయని స్వస్థత కూటం, ప్రార్థన సభ, పెట్టారంటే ఆటోలో తీసుకెళ్లాను. నూనె రాశారు, ప్రార్థన చేశారు, కానుక కవరు చేతికిచ్చారు. అమ్మ పోయాక ఆ ప్రసంగీకుడు నాతో అన్న మాట, మీ ఇంట్లో విశ్వాసం చాలలేదు అని. యేసు మీద నాకు కోపం లేదు. ఆ కవరు మీదే ఇంకా మంట.

అన్నానగర్_దైవజ్ఞుడు:
అది తప్పుడు బోధ అక్కా, దాన్ని క్రైస్తవ్యం అనకండి.

చిట్లపాక్కం_అక్క:
మీకు తప్పుడు బోధ, నాకు అదే దొరికింది. మీరంతా అప్పుడు ఎక్కడున్నారు?

శాంథోమ్_స్టీఫెన్:
వంశీ అన్నా, గాయాలు చూసి వేలు పెడితే తప్ప నమ్మనన్న తోమా సమాధి అంటూ మన ఊళ్లోనే బసిలికా కట్టారు. క్రీ.శ. 52లో వచ్చాడని, పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) మీద చంపారని పరంపర. ఆయనే అలా అడిగినప్పుడు నీ అనుమానానికి ఎవరూ నిన్ను తరిమేయరు. నా అడ్డం మాత్రం వేరు. నేను పెద్దకొడుకుని. నాన్న పోతే తలకొరివి పెట్టకూడదని సంఘంలో చెప్పారు, తమ్ముడు పెట్టాడు. బంధువులు నా మొహం చూడలేదు. నమ్మినందుకు ఇంతవరకు బాధపడలేదు, ఆ రోజు గుంపు వెనక నిలబడ్డందుకు బాధపడుతున్నా.

వేళచ్చేరి_వంశీ:
అన్నా, తద్దినానికి వెళ్తారా?

శాంథోమ్_స్టీఫెన్:
వెళ్తాను. మరదలు పిండం పెట్టకముందే నాకు పప్పూ వంకాయకూరా వేరే గిన్నెల్లోకి తీసి పక్కన ఉంచుతుంది. నేనేం అడగలేదు.

మైలాపూర్_సుబ్బలక్ష్మి:
ఆ అమ్మాయికి ఉన్న ఇంగితం మా ఆఫీసావిడకి ఉంటే... సరే, నేనూ ముందుగా అడిగి ఉండొచ్చనుకోండి.

పెరంబూర్_రైల్వే:
అంతా బాగానే ఉంది కానీ ఆ మూడు మైళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికో ఎవరూ చెప్పలేదు. బీడీ చదివిన అయ్యవారు గ్రీకు పక్కనపెట్టి అది చెప్పాలి.