నికాన్ డీ90 వ్యూఫైండర్‌కి మాగ్నిఫైయర్ పెడితే కళ్లజోడుతో ఇబ్బందా?

అందరికీ నమస్కారం. నా దగ్గర నికాన్ డీ90 కెమెరా, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఉన్నాయి. ఫోకస్ చేత్తో తిప్పుకోవడమే నాకిష్టం. మొన్న వాకిట్లో మల్లెపూలు కడుతున్న అమ్మమ్మను తీశాను. వ్యూఫైండర్‌లో (కెమెరాకి కన్ను ఆనించి చూసే కిటికీలో) కళ్లు స్పష్టంగానే అనిపించాయి. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే ముక్కుపుడక మెరుస్తోంది, కనురెప్పలు మసక. ఆ చూపు మళ్లీ దొరకదు, చాలా బాధేసింది.

వ్యూఫైండర్‌లో బొమ్మ చిన్నగా కనిపించడం వల్లే ఫోకస్ తప్పింది తెలియలేదనుకుంటా. ఈ కెమెరా వ్యూఫైండర్ బొమ్మను 0.94 రెట్లు చూపిస్తుందంటారు కానీ, సెన్సార్ ఫుల్ ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మ్ సైజు) కంటే 1.5 రెట్లు చిన్నది కాబట్టి ఆ లెక్కలో అది 0.63 మాత్రమే. రబ్బరు ఐకప్ తీసేసి డీకే-21ఎం అనే 1.17 రెట్లు పెద్దది చేసి చూపే మాగ్నిఫైయర్ ఐపీస్ తొడిగితే 0.73 దాకా వస్తుంది. నాకు అంత చాలు.

నా టెన్షన్ అంతా కళ్లజోడు గురించే. సైటు మైనస్ 4. కెమెరాలోని డయాప్టర్ (సైటుకి తగ్గట్టు వ్యూఫైండర్‌ని సరిచేసుకునే చక్రం) మైనస్ 2 దాకానే తిరుగుతుంది, కాబట్టి జోడు తీయలేను. ఐపీస్ తగిలిస్తే కన్ను ఇంకా దగ్గర పెట్టాలి కదా, ఫ్రేమ్ మూలలు, కింద షట్టర్ స్పీడ్ అంకెలు కనిపిస్తాయా? లేక లోపల స్ప్లిట్ ఫోకసింగ్ స్క్రీన్ (ఫోకస్ కుదిరితే రెండు ముక్కలైన బొమ్మ ఒకటిగా కలిసిపోయే అద్దం) వేయించుకోవడమే మేలా? జోడు పెట్టుకుని వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.