లోకల్ రైళ్లకు తలుపులు మూస్తే రద్దీ మరణాలు ఆగుతాయా?

డోంబివలీ తెలుగువాడు:
2025 జూన్ 9 ఉదయం ముంబయి సెంట్రల్ లైనులో, దివా-ముంబ్రా స్టేషన్ల మధ్య మలుపులో, ఎదురెదురుగా వెళ్తున్న రెండు లోకల్ రైళ్ల తలుపుల దగ్గర వేలాడుతున్నవారు పట్టాల మీద పడిపోగా కనీసం నలుగురు మరణించారు. ఆ వెంటనే రైల్వే శాఖ, ఏసీ లేని కొత్త లోకల్ రైళ్లకు కూడా వాటంతట అవే మూసుకునే తలుపులు పెడతామని, గాలి ఆడటానికి ఆ తలుపులకు సందులు, పైకప్పు మీద గాలిని లోపలికి పంపే యంత్రాలు ఉంటాయని ప్రకటించింది. ఈ పరిష్కారం నాకు సరైనదిగా తోచడం లేదు.

ఉదయం ఎనిమిది ప్రాంతంలో ఫాస్ట్ లోకల్ మా స్టేషనుకు చేరేసరికే కల్యాణ్‌లో ఎక్కినవారితో నిండి ఉంటుంది. వీపు సంచిని ఛాతీ మీదకు తిప్పుకుని, రైలు పూర్తిగా ఆగకముందే నడిమి కడ్డీ అందుకున్నవాడికే ఆ రోజు హాజరు దక్కుతుంది. చదరపు మీటరుకు 14 నుంచి 16 మంది నిలబడే స్థితికి రైల్వేవారు 'సూపర్ డెన్స్ క్రష్ లోడ్' అని పేరు కూడా పెట్టుకున్నారు. (పేరు పెట్టాక అది తప్పులా కనిపించదు కాబోలు.) తలుపు మూస్తే, అక్కడ వేలాడే పదిమందీ ప్లాట్‌ఫారం మీద మిగిలిపోతారు. వారి కోసం మరో రైలు ఉందా అన్నదే నా ప్రశ్న.

నిత్య ప్రయాణికురాలు, ఠాణే:
మీ ప్రశ్న సమంజసమే గాని, రైళ్లు పెరిగేదాకా తలుపులు తెరిచే ఉంచాలనడం నాకు సమ్మతం కాదు. ఆలస్యమైతే జీతం కోస్తారు, నిజమే. కాని పడిపోయినవారి ఇంటికి చట్టం ప్రకారం వచ్చేది 8 లక్షల రూపాయలు, అదీ రైల్వే పరిహారం తేల్చే ట్రిబ్యునల్ చుట్టూ తిరిగాక.

నా భయమల్లా గాలి గురించే. మే నెలలో ఒకసారి మహిళల పెట్టెలో నా పక్కనున్న అమ్మాయి ములుండ్ దాటాక స్పృహ తప్పింది. కింద పడటానికి కూడా చోటు లేక, మా భుజాల మధ్య నిలువునే ఉండిపోయింది. తల వాలిపోయేదాకా ఎవరమూ గమనించలేదు. అప్పుడు తలుపులు తెరిచే ఉన్నాయి. పైకప్పు యంత్రం మధ్యలో ఆగిపోతే మూసిన పెట్టెలో ఏమవుతుందో ముందు చెప్పాలి.

విశ్రాంత రైల్వే ఉద్యోగి, కాజీపేట:
తలుపు పూర్తిగా మూసుకోనిదే రైలు కదలకూడదు. ఏసీ లోకల్ రైళ్లలో సంచి కొసో, మనిషి భుజమో అడ్డుపడి తలుపు మూసుకోక ఆలస్యమవడం ఇప్పటికే ఉంది. మూడు నాలుగు నిమిషాలకొక రైలు నడిచే లైనులో ఒక్కో స్టేషనులో అర నిమిషం జారితే వెనకున్న రైళ్లన్నీ జారుతాయి; రోజు మొత్తం మీద తిప్పగలిగే రైళ్ల సంఖ్యే తగ్గవచ్చు. అలాగని నేను తలుపులకు వ్యతిరేకిని కాను. సిగ్నలింగు మెరుగుపరచి, 12 పెట్టెల రైళ్లను 15 పెట్టెలకు పెంచుతూ తలుపులు పెట్టాలి. అందరూ ఒకే వేళకు రైలెక్కకుండా ఆఫీసు వేళలు మార్చుకోండని సెంట్రల్ రైల్వే, సంస్థలకు లేఖలు కూడా రాసింది. ఆ పనికి పట్టాలు వేయనక్కరలేదు.

డోంబివలీ తెలుగువాడు:
గాలి విషయం నేను తేలిగ్గా తీసుకున్నాను, ఒప్పుకుంటున్నాను. అయితే నా అనుమానానికి కారణం 2022. ఆ ఫిబ్రవరిలో ఠాణే-దివా మధ్య ఐదో, ఆరో లైన్లు ప్రారంభమైనప్పుడు 36 కొత్త లోకల్ సర్వీసులు ఇచ్చారు. వాటిలో అత్యధికం ఏసీవే. సాధారణ పాసుకు కొన్ని రెట్లు పెట్టి ఏసీ పాసు కొనలేనివారికి ఆ లైన్ల వల్ల ఒరిగిందేమిటి? ఆగస్టులో కల్వా, బద్లాపూర్ ప్రయాణికులు ఆందోళనకు దిగాక పది ఏసీ సర్వీసులను తిరిగి సాధారణ సర్వీసులుగా మార్చారు. ప్రయాణికులు పట్టాల మీదకు వచ్చాక గాని టైంటేబుల్ మారలేదు.

కాబట్టి నా మాట కొంత మార్చుకుంటున్నాను. తలుపులు పెట్టనివ్వండి, సాధారణ పాసు మీదే ఎక్కనివ్వండి. కాని తలుపులున్న ప్రతి రైలు ఇప్పుడున్న రైలు స్థానంలో కాకుండా అదనంగా రావాలి, మొదటి కొన్ని డోంబివలీ నుంచే ఖాళీగా బయలుదేరాలి. కల్యాణ్‌లో నిండివచ్చే రైలుకు తలుపు ఉంటే మాకేం, లేకపోతే మాకేం?