గిటారుకీ బాస్‌కీ మధ్య: స్క్వయర్ బాస్ సిక్స్ తీసుకోవచ్చా?

చిన్నతీగ:
ఇంట్లో రికార్డింగ్ కోసం స్క్వయర్ క్లాసిక్ వైబ్ బాస్ సిక్స్ చూస్తున్నాను. 30 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు), ఆరు తీగలు, మామూలు గిటారుకి సరిగ్గా ఒక స్థాయి కింద. దీంతో బాస్ గిటారు అవసరం తీరిపోతుందా? ఆరో తీగ వదులుగా ఉంటుందంటున్నారు, ఎంతవరకు నిజం? నా దగ్గరున్న 15 వాట్ల గిటారు ఆంప్ (ధ్వని పెంచే పెట్టె) సరిపోతుందా? కొట్లో ఏమేం చూసుకోవాలో కూడా చెప్పండి.

మంద్రస్థాయి:
బాస్‌కి బదులుగా అయితే వద్దు. తీగల మధ్య ఎడం గిటారంతే ఉంటుంది కాబట్టి వేళ్లతో బాస్ వాయించే అలవాటున్నవాళ్లకి చోటు చాలదు. ఇది పిక్‌తో (తీగ మీటే చిన్న బిళ్లతో) వాయించాల్సిన వాయిద్యం. 1956లో డానెలెక్ట్రో, 1961లో ఫెండర్ కంపెనీలు ఇలాంటివి తెచ్చాక అమెరికాలో కంట్రీ సంగీతానికి పేరున్న నాష్‌విల్ రికార్డింగుల్లో దీనికి సొంత స్థానం దొరికింది. డబుల్ బాస్ వాయించే స్వరాలనే దీనిమీద అరచేత్తో నొక్కిపట్టి పిక్‌తో కొట్టేవారు. టిక్-టాక్ బాస్ అంటే అదే. తర్వాత ద క్యూర్ అనే ఇంగ్లిష్ రాక్ బృందంలో రాబర్ట్ స్మిత్ దీనిమీద ఏకంగా మెలొడీలే వాయించాడు. మీకు కావలసింది ఈ రెండిట్లో ఏదైనా అయితే నిస్సందేహంగా కొనండి.

తీగ వదులు మాట నిజమే. అదే తీగని అదే శ్రుతిలో 34 అంగుళాల బాస్‌కి బదులు 30 అంగుళాల మెడమీద కడితే బిగువు దాదాపు 22 శాతం తగ్గుతుంది. పైగా దీని మామూలు తీగల సెట్టు .024–.084 అంగుళాల మందం, అంటే ఆరో తీగే బాస్ తీగ కన్నా సన్నం. గట్టిగా మీటితే శ్రుతి ముందు పైకి లేచి తర్వాత దిగుతుంది. లా బెల్లా .026–.095 సెట్టు వేస్తే ఆ తీగ బిగువు పాతిక శాతం పైనే పెరుగుతుంది. నా ఉద్దేశంలో ఆ తీగల ఖర్చూ సెటప్ (వాయిద్యాన్ని సరిచేయించే) ఖర్చూ వాయిద్యం ధరలోనే కలిపి లెక్కేసుకోవాలి.

నట్టు_ఫైలు:
పైన చెప్పిన లావు సెట్టు వేసేముందు నట్ (మెడ చివర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) చూడండి. .084 అంటే 2.13 మిల్లీమీటర్లు, .095 అంటే 2.41. పాత గాడిలో లావు తీగ కూర్చోదు, పైనే నిలబడుతుంది. అప్పుడు మొదటి రెండు ఫ్రెట్ల (మెడమీది లోహపు గీతల) దగ్గర స్వరాలు శ్రుతి కన్నా ఎక్కువ పలుకుతాయి, తీగ బిగించే మర తిప్పితే తీగ పట్టేసి టక్కున జారుతుంది. గాడిని వెడల్పు చేయించండి, లోతు మాత్రం తొందరపడి పెంచొద్దు. తీగని ఆ మర దగ్గర తొంభై డిగ్రీలు వంచాకే కత్తిరించాలి, లేకపోతే పైచుట్టు జారి తీగ మూగబోతుంది.

ఇక కొట్లో: క్లిప్ ట్యూనర్ (శ్రుతి చూపే చిన్న పరికరం) తీసుకెళ్లండి. ఆరో తీగని ఖాళీగా మీటి, తర్వాత 12వ ఫ్రెట్ నొక్కి మీటండి. నొక్కినప్పుడు శ్రుతి ఎక్కువ పలికితే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) వెనక్కి జరగాలి. అప్పటికే వెనక అంచుకి చేరిపోయి ఉంటే ఆ శాడిల్ స్ప్రింగు తీసేస్తే కాస్త చోటు దొరుకుతుంది. లావు తీగకి ఇంకా వెనక్కే కావాలి కాబట్టి ఇది ముందే చూసుకోవాలి.

బ్రిడ్జ్ దగ్గర గరగర వినిపిస్తే తీగ శాడిల్ మీద సరిపడా వంగడం లేదని అర్థం. మెడ కింద పలచటి షిమ్ (బద్ద) పెట్టి బ్రిడ్జ్ ఎత్తు పెంచితే చాలావరకు పోతుంది. కొత్త తీగలు కట్టాక ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) మళ్లీ చూడాలి: మొదటి ఫ్రెట్‌కి కాపో (తీగల్ని నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి, చివరి ఫ్రెట్ నొక్కి, 8వ ఫ్రెట్ దగ్గర సందు 0.3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉందేమో కొలవండి.

చిన్నతీగ:
థాంక్స్ అన్నా. ఆంప్ సంగతి? బారిటోన్ (మామూలు కన్నా కింది శ్రుతి గిటారు) అయితే ఈ తిప్పలు ఉండవా?

మంద్రస్థాయి:
ఆరో తీగ మూలస్వరం 41 హెర్ట్‌జ్. చిన్న గిటారు ఆంప్ స్పీకరు 80 కింద పెద్దగా పలకదు. సాధనకి పరవాలేదు, వాల్యూమ్ పెంచితే మాత్రం స్పీకరు కోను అవసరానికి మించి ఊగి దెబ్బతినొచ్చు. రికార్డింగుకి నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి (కంప్యూటర్‌కి ధ్వని పంపే పెట్టెలోకి) ఇవ్వండి. విడిగా బాస్ ట్రాక్ ఉంటే దీన్ని 150 హెర్ట్‌జ్ కింద కోసేయండి, లేకపోతే రెండూ కలిసి బురదవుతాయి. వాయిద్యం మీదున్న స్ట్రాంగిల్ స్విచ్చు కూడా కింది ధ్వనిని కోయడానికే. దాన్ని వేసి, బ్రిడ్జ్ దగ్గరి పికప్ (తీగ ధ్వనిని పట్టే భాగం) పెట్టి, అరచెయ్యి ఆనిస్తే టిక్-టాక్ వచ్చేస్తుంది.

కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) వాయించడమే ముఖ్యమైతే బారిటోనే మేలు. స్క్వయర్ బారిటోన్ కాబ్రోనీటా 27 అంగుళాలు, గ్రెచ్ జి5260 29.75. శ్రుతి బి గానీ ఎ గానీ, అంటే ఆరో తీగ 62 లేదా 55 హెర్ట్‌జ్. బాస్ సిక్స్ మీద కింది తీగల్లో పూర్తి కార్డు వేస్తే ఏ స్వరమూ విడిగా వినిపించదు. అక్కడ ఆరో తీగమీద మూలస్వరం, పై తీగల్లో గాంధారం, అంతే వాయించాలి.

నట్టు_ఫైలు:
బారిటోన్ కొనేముందు ఒక చవక పరీక్ష. పాత 25.5 అంగుళాల గిటారుకి .014–.068 సెట్టు కట్టి బి శ్రుతి చేయండి. 27 అంగుళాలతో పోలిస్తే బిగువు 11 శాతం తక్కువ, అయినా వాయించదగినట్టే ఉంటుంది. నట్ గాళ్లు వెడల్పు చేయాలి కాబట్టి ఇష్టమైన గిటారు మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.