మంచి క్వాలిటీ పాటలు డబ్బు పెట్టి కొనుక్కునేవాళ్లు పెరుగుతారా?

ప్రశ్న (బెంజ్ సర్కిల్, విజయవాడ):
నా పాత సీడీలన్నీ ఫ్లాక్ (శబ్దంలో ఏదీ పోకుండా దాచే రకం) ఫైళ్లుగా మార్చుకుని వైరు ఇయర్‌ఫోన్స్‌తో వింటున్నాను. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీ3లో కలగాపులగంగా ఉండే వయొలిన్లు, తాళాలు ఇప్పుడు విడివిడిగా తెలుస్తున్నాయి. మా తమ్ముడేమో "రెండూ ఒకటేగా అన్నయ్యా" అంటాడు. మామూలు శ్రోతలు ఇలాంటి ఫైళ్లు కొంటారంటారా?

జవాబు (అరండల్‌పేట, గుంటూరు):
కష్టమేనండీ. నాలుగు నిమిషాల పాట ఆ ఎంపీ3లో 4 ఎంబీ లోపే. ఫ్లాక్‌లో పాతిక దాటుతుంది. మావాళ్ల ఫోన్లలో పెళ్లి వీడియోలకే చోటు లేదు.

జవాబు (గవర్నర్‌పేట, విజయవాడ):
నేను మొబైల్ షాపు నడిపినవాణ్ని. మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకోవడానికి వచ్చినవాళ్లు "ఎన్ని పడతాయి?" అనే అడిగేవాళ్లు. ఎలా వినిపిస్తాయని అడిగినవాళ్లు బహు తక్కువ. అలాగని వాళ్లకి చెవి లేదనకండి. రేడియోలో భక్తిరంజని వింటూ పెరిగిన ఊరిది, శ్రుతి తప్పితే ఇట్టే పట్టేస్తారు. మంచి శబ్దం వాళ్లదాకా రాలేదు, అంతే.

విడిగా కొనమంటే మాత్రం కొనరు. 2014లో గాయకుడు నీల్ యంగ్ తెచ్చిన పోనో అనే మంచి క్వాలిటీ పాటల ప్లేయర్‌కి, జనం దగ్గర డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ సైట్‌లో 60 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. అయినా దానికి పాటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం కొన్నేళ్లకే మూతపడింది. 2021లో ఆపిల్ మ్యూజిక్ అదనంగా రూపాయి అడగకుండా లాస్‌లెస్ (ఫ్లాక్‌లాగే ఏదీ పోని శబ్దం) ఇచ్చింది. జనంలోకి వెళ్లే దారి అదేనని నా నమ్మకం.

అసలు అడ్డం బ్లూటూత్. సీడీ శబ్దం 1411 కేబీపీఎస్. బ్లూటూత్‌లో శబ్దం పంపే పద్ధతుల్లో బాగా పేరున్న ఎల్‌డ్యాక్ కూడా 990 దాటదు, మామూలు వైర్‌లెస్ బడ్స్ అంతకన్నా చాలా తక్కువ. మీ తమ్ముడు దేంతో విన్నాడో కనుక్కోండి.

నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. అరిగిపోయిన క్యాసెట్ నుంచి తీసి ఫ్లాక్ అని పేరు పెడితే ఫైలు పెరుగుతుంది గానీ పాట బాగుపడదు. పాట మొదట రికార్డు చేసిన మాస్టర్ టేపులు పాడవకముందే కంపెనీలు వాటిని జాగ్రత్తగా డిజిటల్ చేయాలి. మన పాత పాటలకు 24 బిట్ లాంటి క్వాలిటీ లెక్కలకన్నా ముందు కావాల్సింది అది.

ప్రశ్న అడిగినవారు:
బడ్స్‌తోనే విన్నాడండీ! రాత్రికి వైరుతో వినిపిస్తాను. కొన్న ఫ్లాక్ అసలుదో, ఎంపీ3 నుంచి మార్చిందో ఎలా తెలుస్తుంది?

గవర్నర్‌పేట:
ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి స్పెక్ట్రోగ్రామ్ (కింది శబ్దాల నుంచి పై శబ్దాల దాకా ఏవి ఎంతున్నాయో చూపే బొమ్మ) చూడండి. 128 ఎంపీ3 నుంచి మార్చినదైతే సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతుంది. పాత రికార్డింగుల్లోనూ పై శబ్దాలు తక్కువే ఉంటాయి, కానీ మెల్లగా తగ్గుతాయి.