కాస్క్ స్ట్రెంత్ ఇండిపెండెంట్ బాట్లింగ్: నీళ్ళు కలపకుండా ఇచ్చిన తీర్పు చెల్లుతుందా?

మాల్ట్‌వాసన:
స్కాచ్ విస్కీ డిస్టిలరీల నుంచి పీపాలు (కాస్క్‌లు) కొని తమ పేరుతో సీసాల్లోకి ఎత్తే ఇండిపెండెంట్ బాట్లర్లు చాలామందే ఉన్నారు: సిగ్నేటరీ, ఎల్గిన్‌లో గోర్డన్ అండ్ మాక్‌ఫెయిల్, క్యాంప్‌బెల్‌టౌన్‌లో కేడెన్‌హెడ్ వగైరా. పదేళ్ళ చుట్టుపక్కల వయసున్న వీళ్ళ సింగిల్ కాస్క్ (ఒకే పీపాలోది) సీసాలు తరచూ కాస్క్ స్ట్రెంత్‌లో, అంటే పీపాలో ఉన్న బలాన్ని నీళ్ళతో దించకుండా, 55 నుంచి 60 శాతం ఆల్కహాల్ మధ్య ఉంటాయి. ఈ ఫోరమ్‌లో వాటికి మార్కులు వేసేవాళ్ళలో చాలామంది నీటి చుక్క కూడా తగలనివ్వడం లేదు. "ఘాటు ఎక్కువ, మిరియాలు, వాసన మూసుకుపోయింది" అని రాసి ముగిస్తున్నారు. ఆ ఘాటు విస్కీది కాదు, ఆల్కహాల్‌ది. నోట్లో వేడిని పసిగట్టే నాడులనే ఆల్కహాల్ రెచ్చగొడుతుంది. మంట వెనక ఏముందో చూడకుండా పీపా మంచిదా కాదా అని ఎలా తేలుస్తారు? 55 దాటిన సీసాకు నీళ్ళు కలపకుండా వేసిన మార్కు చెల్లదని నా వాదన.

హాగ్స్‌హెడ్:
నేను ఒప్పుకోను. బాట్లర్‌కు 46కు దించడం చేతకాక కాదు. సిగ్నేటరీకి 46 శాతం వరుస వేరే ఉంది, గోర్డన్ అండ్ మాక్‌ఫెయిల్ వారి కానాజర్స్ చాయిస్ వరుస రెండు రకాలుగానూ వస్తుంది. ఒక పీపాను దించకుండా వదిలారంటే అది ఎంపిక. ఆ ఎంపికనే ముందు రుచి చూడాలి.

పైగా కాస్క్ స్ట్రెంత్ అనగానే 58 అనుకోకండి. స్కాట్లాండ్ గోదాముల చల్లదనానికీ తేమకూ పీపాలో నీటికన్నా ఆల్కహాలే త్వరగా తగ్గుతుంది. అందుకే 30 ఏళ్ళ మాల్ట్ (మొలకెత్తిన బార్లీతో చేసిన విస్కీ) తరచూ దానంతటదే 46 దగ్గరికి వచ్చేస్తుంది. దాని 25 మిల్లీలీటర్లలో ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు పోశారా, 38కి పడిపోతుంది. చట్టప్రకారం స్కాచ్‌కు ఉండాల్సిన 40 కన్నా తక్కువ! పాత మాల్ట్‌లో ఉండే ఆ మైనం లాంటి జిడ్డుదనం, నాలుక మీద నిలిచే బరువు పోతాయి. తర్వాత ఎంత సేపు ఆగినా తిరిగి రావు.

ఫస్ట్ ఫిల్ షెర్రీ బట్‌లోంచి (షెర్రీ వైన్ తర్వాత మొదటిసారి విస్కీ నింపిన పెద్ద పీపాలోంచి) వచ్చినవాటితో ఇంకో చిక్కు. నీళ్ళు తగలగానే ఎండుద్రాక్ష తీపి వెనక్కి పోయి ఓకు చెక్క వగరు ముందుకొస్తుంది. అది పీపా తప్పా, నీళ్ళు పోసిన చెయ్యి తప్పా?

మాల్ట్‌వాసన:
నేనన్నది 55 దాటినవాటి గురించి, 46 గురించి కాదండీ. 2017లో స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పొగ వాసనకు మూలాల్లో ఒకటైన గ్వాయకాల్ మీద పని చేశారు. ఆల్కహాల్ 45 శాతం వరకు ఉన్నప్పుడు ఆ అణువులు ద్రవం పైపొరకు చేరి ఉంటున్నాయి. 59 దాటితే ఆల్కహాల్ వాటిని చుట్టేసి లోపలికి లాగేస్తోంది. ముక్కుకు అందాల్సింది అడుగున ఉండిపోతే ఏం వాసన చూస్తారు? బ్లెండర్లు (వేర్వేరు విస్కీలను కలిపి తయారుచేసే నిపుణులు) కూడా నమూనాలను 20 శాతం దాకా దించే వాసన చూస్తారు.

రీఫిల్‌పీపా:
ఇద్దరూ చెరో సగం చెబుతున్నారు. ఆ స్వీడన్ పని కంప్యూటర్ నమూనా, అందులో ఉన్నవి నీళ్ళు, ఆల్కహాల్, గ్వాయకాల్ మూడే. నిజం విస్కీలో వందల పదార్థాలుంటాయి. నీళ్ళు పెరిగేకొద్దీ ఈస్టర్లు అనే పదార్థాల్లో బరువైనవి ఒకచోట గుమిగూడతాయి. చిల్ ఫిల్టర్ చేయని (చల్లబరిచి వడకట్టని) విస్కీ మబ్బు పట్టేది అందుకే. అవి గుమిగూడేటప్పుడు కొన్ని వాసనలను కూడా పట్టేసుకుంటాయి. అంటే నీళ్ళు ఒకదాన్ని విడిపిస్తాయి, ఇంకోదాన్ని దాచేస్తాయి. బ్లెండర్లు 20కి దించేది గంధకం, సబ్బు వాసన లాంటి తప్పులు బయటపడాలని. సీసాకు మార్కులు వేయడం వేరే పని.

అసలు గొడవ నీళ్ళతో కాదు, కొలత లేకపోవడంతో. రెండు గ్లాసులు తీసుకోండి, తులిప్ ఆకారంవి, గ్లెన్‌కెయిర్న్ అయితే మంచిది. ఒక్కోదాంట్లో 15 మిల్లీలీటర్లు. ఒకటి ముట్టుకోకుండా పోలికకు ఉంచండి. రెండోదాంట్లో సూది లేని సిరంజితో ఒక్కో మిల్లీలీటరే వదలండి. విస్కీ 58 అయితే మొదటి మిల్లీలీటరుకు 54.4, రెండోదానికి 51.2, మూడోదానికి 48.3, నాలుగోదానికి 45.8 అవుతుంది. ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఆల్కహాల్‌లో నీళ్ళు కలిసినప్పుడు కొద్దిగా వేడి పుడుతుంది, ఆ క్షణంలో ముక్కు పెడితే ఆవిరే తగులుతుంది. ఏ మెట్టు దగ్గర తెరుచుకుందో, ఏ మెట్టు దగ్గర పలచబడిందో రాసుకోండి. ఆ రెండు అంకెలూ లేని రుచి నివేదికతో నాకు ఉపయోగం లేదు.

నీళ్ళ సంగతి కూడా. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ పీట్ (కాల్చి పొగ పట్టించే బురద నేల మట్టి) మాల్ట్‌లోని పొగ వాసన పదార్థాలైన ఫినాల్స్‌తో కలిస్తే ఆసుపత్రి వాసన వస్తుంది, దాన్ని పొగ విస్కీలకు పేరుపడ్డ ఐలా దీవి లక్షణం అనుకునే ప్రమాదముంది. బోరు నీళ్ళ ఉప్పదనం తెలిసిందే. లవణాలు తక్కువున్న సీసా నీళ్ళు, గది వేడిమిలో ఉన్నవి వాడండి. ఫ్రిజ్ నీళ్ళు వద్దు, చల్లదనానికి వాసన ముడుచుకుంటుంది.

ఐలాపొగ:
ఎవరూ ఎత్తని మాట ఒకటుంది, పోలిక. "డిస్టిలరీ సొంత సీసాకన్నా ఇండిపెండెంట్‌దే గాఢం" అని ఇక్కడ తరచూ రాస్తున్నారు. ఐలాలోని కావోల్ ఈలా డిస్టిలరీ సొంత 12 ఏళ్ళ సీసా వచ్చేది 43 శాతంలో. దాని పక్కన 58 శాతం కేడెన్‌హెడ్ పెడితే గాఢంగా ఉండక ఏమవుతుంది? అక్కడ పోటీ పడుతున్నది బలాలు, పీపాలు కాదు.

రెంటినీ ఒక బలానికి తెచ్చి చూడండి. విస్కీ మిల్లీలీటర్లను ఉన్న శాతంతో గుణించి, కావలసిన శాతంతో భాగిస్తే మొత్తం ఎంత కావాలో వస్తుంది. ఐలాలోనే ఉన్న బునహావెన్ డిస్టిలరీ సొంత 12 ఏళ్ళది 46.3 శాతం. దానితో 58.3 ఉన్న ఇండిపెండెంట్ బునహావెన్‌ను పోల్చాలంటే 20 మిల్లీలీటర్లకు 5.2 నీళ్ళు. అప్పుడు ఆ ఇండిపెండెంట్ సీసా రీఫిల్ హాగ్స్‌హెడ్ (ముందే విస్కీకి వాడేసిన మధ్యరకం) పీపాదైతే షెర్రీ తెర లేకుండా డిస్టిలరీ మాల్ట్ ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఇండిపెండెంట్ సీసాలు కొనడంలో సగం ప్రయోజనం అదే. అయితే స్టీషా పేరుతో వచ్చేది పీట్ పట్టించిన బునహావెన్, దాన్ని ఈ పోలికలోకి తేకండి.

హాగ్స్‌హెడ్:
సమాన బలం పోలిక సబబే, ఒప్పుకుంటాను. కానీ అది పోలిక కోసం. మార్కు మాత్రం సీసాలో ఉన్నదానికే పడాలి. కొన్నవాడు మొదట పోసుకునేది అదే కదా.

నీళ్ళ మీద నెపం వేసేముందు గది వేడి చూడండి. మే నెల విజయవాడలో ఏసీ లేని గదిలో 60 శాతం విస్కీ పోస్తే ఏ పీపాదైనా ముక్కు మండుతుంది. గ్లాసులో విస్కీ 20 డిగ్రీల దగ్గర ఉంటే అదే విస్కీ నీళ్ళు లేకుండానే చాలావరకు తెరుచుకుంటుంది. పోసి పది నిమిషాలు వదిలేయండి. ముక్కును గ్లాసులోకి దించకుండా అంచు దగ్గరే ఉంచి, నోరు కొద్దిగా తెరిచి పీల్చండి. మొదటి గుక్క సగం మిల్లీలీటరు చాలు, నాలుకను అలవాటు చేయడానికి. రెండో గుక్క నుంచే రాయడం మొదలుపెట్టాలి.

మాల్ట్‌వాసన:
రెండో గుక్క మాట బాగుంది. అయినా 60 దగ్గర నాలుగైదు నమూనాలు వరసగా చూస్తే మూడోదానికే నాలుక మొద్దుబారుతుంది, ఉమ్మేసినా సరే. ఆ తర్వాత వేసిన మార్కులను నమ్మలేం. అందుకే వరుసలో చూసేటప్పుడు అన్నిటినీ 48కి దించమంటాను, పీట్ ఉన్నవి చివర. ఒక్క సీసా మాత్రమే చూస్తున్నప్పుడు మీ పద్ధతికి అభ్యంతరం లేదు.

రీఫిల్‌పీపా:
వరుసలో 50కి లోపున్న పాత మాల్ట్ ఉంటే దాన్ని దించకండి, మిగతావాటిని దాని బలానికి తీసుకురండి. దించిన నమూనాలను రెండో రోజుకు దాచకండి కూడా. సీసాలో సగానికి పైగా గాలి ఉంటే పళ్ళ వాసనలు ముందుగా ఎగిరిపోతాయి.