రెక్క విప్పి చూసి ‘పెట్టపిల్ల’ అంటే నమ్మొచ్చా?

గుణుపురం గూడు: అందరికీ నమస్కారం. మాది గుణుపురం దగ్గర పల్లె. పెరట్లో నాటుకోళ్ళు, కొన్ని వనరాజా రకం సంకర కోళ్ళు కలిసే తిరుగుతాయి. మా వైపు సంతకి ఒకాయన గంపలో పిల్లల్ని తెస్తాడు. ఒక్కోదాని రెక్క విప్పి వెలుతురుకి పట్టి, "ఈకలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఇది పెట్ట. అన్నీ సమానం, ఇది పుంజు" అంటాడు. పెట్టపిల్లకి రేటు ఎక్కువ. దసరాకి ముందు పెట్టలని కొన్నవాటిలో సగం ఇప్పుడు కూత నేర్చుకుంటున్నాయి. అడిగితే మేత తేడా అన్నాడు! అసలు ఆ విద్యే అబద్ధమా, లేక ఆయనకి రాదా?

కాశీనగరం మాస్టారు: విద్య నిజమే. ఆ గంపలో పిల్లలకి అది వర్తించదు, అంతే.

ఆడో మగో తేల్చే క్రోమోజోములు ఉంటాయి కదా, పుంజులో అవి రెండూ జెడ్ రకమే. పెట్టలో ఒక జెడ్, ఒక డబ్ల్యూ. అంటే తల్లి జెడ్ కొడుకులకే పోతుంది, కూతుళ్ళకి తండ్రి జెడ్ ఒక్కటే దక్కుతుంది. ఈకలు ఆలస్యంగా రావాలనే జన్యువు ఆ జెడ్ మీదే ఉంది. అది ఒక్కటి ఉన్నా చాలు, దాని మాటే చెల్లుతుంది. కాబట్టి త్వరగా ఈకలొచ్చే రకం పుంజుని, ఆలస్యంగా వచ్చే రకం పెట్టలతో కలిపితే కొడుకులందరికీ ఆలస్యంగా, కూతుళ్ళందరికీ త్వరగా ఈకలొస్తాయి. పిల్లల్ని పొదిగించి అమ్మే హేచరీలవాళ్ళు ఈ రెండు రకాల్నీ ఏళ్ళ తరబడి విడివిడిగా పెంచుతారు. అందుకే అక్కడ రెక్క చూడగానే తేలిపోతుంది. మీ నాటు మందలో తండ్రెవరో తల్లికే తెలియాలి!

ఇంకో సంగతి. చూడాల్సింది పుట్టిన రోజునే, మహా అయితే మర్నాడు. రెక్క అంచున పెద్ద ఈకలు, వాటి మొదట్లో పైన కప్పే చిన్న ఈకలు ఉంటాయి. పెట్టపిల్లలో పెద్దవి బాగా ముందుకొచ్చి ఉంటాయి. పుంజుపిల్లలో రెండూ సమానం, లేదా కప్పేవే పొడుగు. రెండు మూడు రోజులు దాటితే ఆ తేడా చెదిరిపోతుంది. సంతకొచ్చే పిల్లల వయసెంతో అడిగారా?

వంశధార గట్టు: మాస్టారూ, ఇంత లెక్క ఎందుకండి. మా అమ్మమ్మ గుడ్డు చూసే చెప్పేసేది. కోసుగా ఉంటే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట. ఏ పుస్తకమూ చదవలేదు.

కాశీనగరం మాస్టారు: అమ్మమ్మగారంటే గౌరవమే బాబూ. కానీ ఒక పెట్ట పెట్టే గుడ్లన్నీ ఇంచుమించు ఒకే ఆకారంలో ఉంటాయి కదా. అలాగైతే కోసు గుడ్లు పెట్టే పెట్టకి జన్మలో ఆడపిల్ల పుట్టకూడదు. పెంకు కట్టడానికి ముందే లోపల ఆడో మగో తేలిపోయి ఉంటుంది. అందరి జోస్యాలూ సగానికి సగం నిజమవుతాయి, ఆడా మగా సగం సగం పుడతాయి కాబట్టి. ఆ సంత ఆయనదీ అదే లెక్క.

పర్లాకిమిడి పెరడు: గుణుపురం తమ్ముడూ, రెక్క సంగతి వదిలెయ్. నెత్తి చూసే పద్ధతి ఒకటుంది, ఇంటి దగ్గర మనమే చేసుకోవచ్చు. నలుపు తెలుపు అడ్డచారల పెట్టలు ఉంటాయి చూడు, ప్లిమత్ రాక్ రకం. ఆ పెట్టల మీదకి చారల్లేని పుంజుని వదలాలి. నల్లదైనా సరే, ఎర్ర డేగ (ఎర్ర ఈకల పుంజు) అయినా సరే. చారల జన్యువు కూడా జెడ్ మీదే ఉంది, అది తల్లి నుంచి కొడుకులకే చేరుతుంది. పొదిగిన పిల్లలన్నీ నల్లగానే ఉంటాయి. కొడుకుల నెత్తిన మాత్రం తెల్లని మచ్చ ఉంటుంది.

ఆ మచ్చని పిల్ల ఒళ్ళు ఆరాకే చూడాలి. తడిగా ఉన్నప్పుడు నూగు అతుక్కుపోయి ఏదీ తెలీదు. గీత గీసినట్టు ఉండదు, అంచులు నలుపులో కలిసిపోయిన మసక తెలుపు. పొదిగిన గూట్లో పెంకు పొడో, తెల్ల రెట్టో అంటుకుని ఉంటే తుడిచి మళ్ళీ చూడాలి. పెద్దయ్యాక మచ్చ ఉన్నవాటికి చారలొస్తాయి. లేనివి నల్లపెట్టలవుతాయి. డేగ పుంజు అయితే మెడ మీద ఎర్ర జీరలు కూడా వస్తాయి.

తిరగేసి చారల పుంజుని, నల్ల పెట్టని కలిపితే మాత్రం పని జరగదు. అన్నిటికీ మచ్చ వస్తుంది.

జయపురం అల్లుడు: అక్కా, మీరు చెప్పింది సైన్సుగా కరెక్టే, ఒప్పుకుంటా. కానీ మన కొండవైపు ఊళ్ళకి ఇది నష్టం అంటాను. ఫారం నుంచి వచ్చే చారల పెట్ట పొదుగుకి కూర్చోవడం తక్కువ. ఆ రక్తం మందలో కలిస్తే రేపు మీ పెట్టలూ కూర్చోవు, అప్పుడు ఇంక్యుబేటర్ కొనాలి, కరెంటు ఉండాలి. నాటుకోడికి గద్దని చూసి పొదలోకి దూరే తెలివి ఉంది, అది కూడా పోతుంది. పైగా పుంజుని ముందే కనిపెట్టి ఏం చేస్తారు? సంక్రాంతికి, అమ్మవారి పండగకి పుంజుకే కదా మంచి రేటు! పెట్ట కావాలని తపించేది గుడ్లమ్ముకునేవాళ్ళే.

పర్లాకిమిడి పెరడు: అదే కదా నేను చేసేది, గుడ్లమ్మకం! పుంజుల్ని పడెయ్యమని ఎవరన్నారు? ముందే తెలిస్తే మచ్చ ఉన్నవాటిని వేరే గూట్లో పెంచి పండగకి అమ్ముతాను. పెట్టలకి మేతా గింజా విడిగా చూసుకుంటాను. కలిపి పెంచితే పుంజులు పొడిచి పెట్టపిల్లల్ని మేత దగ్గరికి రానివ్వవు. పొదగడానికి నాటుపెట్ట ఉండనే ఉంది, చారలదాని గుడ్లు దాని కిందే పెడతాను. నాటు మంద నాటు మందే, ఇది వేరే గూడు.

వంశధార గట్టు: గూడు వేరైనా పుంజు గోడ దూకదా అక్కా? మా తోడల్లుడు ఇలాగే మొదలెట్టాడు. మొదటి ఏడు భేషుగ్గా తేలింది. రెండో ఏడు మచ్చ ఉన్న పిల్లలు కూడా గుడ్లు పెట్టాయి. ఇదేటి మాస్టారూ?

కాశీనగరం మాస్టారు: మీ తోడల్లుడు పుట్టిన పిల్లల్నే మళ్ళీ జత కట్టి ఉంటాడు. ఆ చారల పుంజులో ఒక జెడ్ మీదే చార ఉంటుంది, రెండో జెడ్ ఖాళీ. దాన్ని నల్ల చెల్లెళ్ళతో కలిపితే కొడుకుల్లో సగానికి మచ్చ, కూతుళ్ళలో కూడా సగానికి మచ్చ. గుర్తు ఉంటుంది, అర్థం ఉండదు. ఏటా అసలు చారల పెట్ట, అసలు చారల్లేని పుంజే కావాలి. జయపురం బాబు భయం నాకూ ఉంది, కానీ దానికి మందు ఇదే. ఈ సంకర పిల్లల్ని జతకి ఉంచుకోకుండా గుడ్లకీ కూరకీ వాడేస్తే నాటు రక్తంలోకి పోయేదేమీ ఉండదు.

తెల్ల పెట్టతో కూడా ప్రయోగం చెయ్యకండి. తెల్ల లెగ్‌హార్న్‌లో తెలుపు మిగతా రంగులన్నిటినీ కప్పేస్తుంది. కింద చారలున్నా పైకి కనపడవు, పిల్లలు తెల్లగా పుట్టి మచ్చా దొరకదు. వనరాజాని కూడా దీనికి వాడొద్దు. అది హైదరాబాద్ కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన సంకరం, దాని పిల్లలు ఒక్కోటి ఒక్కో రంగు.

జయపురం అల్లుడు: "జతకి ఉంచుకోకుండా" అని రాయడం తేలికండి. పల్లెలో మంచి పుంజు కనిపిస్తే పక్కింటి పిన్ని అడిగి పట్టుకెళ్తుంది. కాదంటామా? నా మాట మీదే నేనుంటాను. నాటుపిల్ల రెండు నెలలకి జుట్టు ఎర్రబడి ఎలాగూ తేలిపోతుంది. మూడు నెలలకి పుంజు మెడ ఈకలు మొనదేలి మెరుస్తాయి, పెట్టవి గుండ్రంగా ఉంటాయి. అంతవరకు ఓపిక పడితే చాలు.

గుణుపురం గూడు: రెండు నెలల మేత ఎవరు పెడతారు అన్నా? నాకు గుడ్లే కావాలి. అక్క చెప్పినట్టు రెండు చారల పెట్టలు తెచ్చి, డేగ పుంజుతో వేరే గూట్లో కడతాను. ఇంకో డౌట్. మొదటి రోజు మచ్చ చూసినా, వారానికి ఈకలొచ్చి కలిసిపోతే ఏది ఏదో ఎలా గుర్తు పట్టాలి?

పర్లాకిమిడి పెరడు: చూసిన రోజే మచ్చ లేనివాటి కాలికి రంగు దారం వదులుగా కట్టు. పిల్ల త్వరగా పెరుగుతుంది, వారానికోసారి విప్పి మళ్ళీ కట్టకపోతే దారం కాల్లోకి దిగి కుంటిదవుతుంది. ఉన్ని దారం వద్దు, మిగతా పిల్లలు పురుగనుకుని పొడుస్తాయి.